బేసిన్‌లో రెండంగుళాల నీళ్లు

నీళ్లాట అనగానే గాలి ఊదే పూల్ కొనేవాళ్లే ఎక్కువ. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు అంత హంగు అక్కర్లేదు. 18 అంగుళాల వెడల్పు బేసిన్‌లో 2 అంగుళాల నీళ్లు, అంటే దాదాపు 8 లీటర్లు, పోస్తే సరిపోతుంది. చలికాలమైతే గోరువెచ్చగా ఉండాలి. బేసిన్ నేలమీద పెడితే పిల్లలు కాసేపటికి అందులోకే దిగిపోతారు. ఊగని బల్ల మీద, వాళ్ల బొడ్డు ఎత్తున పెడితే నిలబడి ఆడతారు. కింద గోనెపట్టా పరవండి. తడి టైల్స్ మీద జారిపడటమే ఈ ఆటలో మాటిమాటికీ వచ్చే తంటా.

లీటరు మగ్గు ఇవ్వకండి. నిండితే కిలో బరువు, రెండేళ్ల మణికట్టు ఆపలేదు. 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసులు రెండు, టీ జల్లెడ, గరాటు, సన్నమూతి సీసా, మందు సీసా డ్రాపర్, నాలుగు ముక్కలు చేసిన స్పాంజి ఉంటే చాలు. స్పాంజి మొత్తంగా ఇస్తే పిడికిట్లో పట్టదు, పిండటం కుదరదు. పెన్సిల్ పట్టుకోవడానికి కావలసిన అరచేతి బలం ఆ పిండటంలోనే వస్తుంది.

ఒంపడం గమనించండి. మొదట్లో గ్లాసు ఒక్కసారిగా బోర్లిస్తారు, సగం బయటే పోతుంది. మణికట్టు తిప్పడం రాక మోచెయ్యంతా లేపేస్తారు. కొన్నాళ్లకు ఎవరూ చెప్పకుండానే రెండో చెయ్యి కింది గ్లాసును పట్టుకుంటుంది. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేయడం మొదలైందన్నమాట. చొక్కా గుండీ పెట్టుకోవడానికీ ఇదే కావాలి.

డ్రాపర్‌తో చాలామంది పిల్లలు విసుగెత్తిపోతారు. నీళ్లలో నొక్కి, నొక్కినట్టే పైకి తీసి అప్పుడు వదులుతారు, గాలి తప్ప ఏమీ రాదు. బయటే నొక్కి, ముంచి, లోపలే వదలాలని మీరోసారి నెమ్మదిగా చేసి చూపించండి.

ఇద్దరు పిల్లలున్నా గరాటు మాత్రం ఒకటే పెట్టండి. తగాదా రాగానే పెద్దవాళ్లు రెండోది తెచ్చిస్తారు. తగాదాతో పాటు మాటలూ ఆగిపోతాయి. సన్నమూతి సీసా నింపాలంటే సీసా పట్టుకోవాలి, గరాటు నిలబెట్టాలి, నీళ్లు పోయాలి. రెండు చేతులు చాలవు. “నువ్వు పట్టుకో, నేను పోస్తా” అనే మాట అక్కడే పుడుతుంది. ఇది మూడేళ్లు దాటాకే. రెండేళ్లవాళ్లు పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు, బలవంతంగా కలపొద్దు. మొహం మీద చల్లకూడదన్న మాట ఆట మొదలవకముందే చెప్పాలి. (రెండు గ్లాసుల్లో సమానంగా పోసినా, పొడుగు గ్లాసులోనే నీళ్లెక్కువని నాలుగేళ్లవాళ్లు వాదిస్తారు. ఆ వయసుకు అలాగే తోస్తుంది, దిద్దకండి.)

ఫోన్ మోగినా పక్కనుంచి కదలొద్దు. చిన్నపిల్లలకు తల బరువు, ముందుకు తూలితే లేవలేరు. రెండంగుళాల నీళ్లలోనైనా చప్పుడు లేకుండానే మునిగిపోతారు. తలుపు తీయడానికి వెళ్లాలన్నా పిల్లను చంకనేసుకునే వెళ్లండి. 20 నిమిషాలు ఆడితే చాలు. వణుకు మొదలైతే ఇంకా ముందే ఆపేయండి.

ఆపగానే బేసిన్ ఖాళీ చేసి బోర్లించండి, నిలవ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఖాళీ చేసే పని పిల్లలకే అప్పగించండి: గ్లాసు గ్లాసూ మోసి మొక్కలకు పోస్తారు, తొణక్కుండా నడవడమూ అలవాటవుతుంది. చివరి గ్లాసు ఎవరిదన్న పేచీకి మాత్రం మందు లేదు.