రెండ్రోజులు చూడకపోతే బెండకాయ కర్రైపోయింది

పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చేసింది, అలారం ఇంకా మోగలేదు. రెండ్రోజుల నుంచి పెరట్లోకి వెళ్లలేదు, మొన్న ఆఫీసు పనితో సరిపోయింది, నిన్నంతా తలనొప్పి. నీళ్లు మాత్రం చిన్నోడు పట్టాడు (పట్టానన్నాడు, ఆ సంగతి తర్వాత చెప్తా). నడి ఎండాకాలంలో కాయగూరల మొక్కల్ని రెండ్రోజులు వదిలేస్తే ఏమవుద్దో తెలుసు, తెలిసీ వదిలేశా. ఎండ ఎక్కకముందు కోస్తేనే కాయ నిండుగా, గట్టిగా ఉంటుంది, రాత్రి పీల్చుకున్న నీళ్లు ఇంకా లోపలే ఉంటాయి కదా, అదే ఎండపడ్డాక కోస్తే బుట్టలోకి వచ్చేసరికే సగం వాడిపోతాయి. అందుకని మొహం కడుక్కుని బుట్ట, కత్తెర పట్టుకుని పోయా.

ముందు బెండ దగ్గరికే వెళ్లా, భయం దాని గురించే. అనుకున్నంతా అయింది. పువ్వు పూసిన నాలుగైదు రోజులకి, వేలంత ఉన్నప్పుడే కోసేయాల్సిన కాయలు జానెడు పొడుగెదిగి ఆకాశంలోకి చూస్తున్నాయి. ఒకదాని కొస విరవబోతే టక్కుమనలేదు, వంగి ఊరుకుంది. కత్తెర వేస్తే పుల్ల కోసిన చప్పుడు. లెక్కపెడితే ముదురువి పన్నెండు, లేతవి ఏడు. పనికిరావు కదా అని ముదురువి చెట్టుకే వదిలేస్తే ఇంకా నష్టం, గింజ కట్టేసిందంటే ఆ మొక్క తన పని అయిపోయిందనుకుని కొత్త పూత తగ్గించేస్తుంది, అందుకే అవీ కోసి పారేశా. ఒక్కటి మాత్రం విత్తనానికి ఉంచి తొడిమకి ఎర్ర దారం కట్టా, మా ఇంట్లో వాళ్లు అదీ ముదిరిందని కోసేస్తారేమోనని.

ఈలోపు చేతులు దురద మొదలు. పొట్టి చేతుల టీషర్ట్ మీదే వెళ్లిపోయా, బెండాకుల నూగంతా మోచేతుల దాకా అంటుకుంది. లోపలికొచ్చి కడుక్కుని, సరే ఈసారన్నా గుర్తుండాలి అని తోట నోట్‌బుక్‌లో రాద్దామని తెరిస్తే పోయినేడు పేజీలో నా రాతే ఉంది, "బెండ కోసేటప్పుడు ఫుల్ హ్యాండ్స్ వేసుకో!!" అని, కింద రెండు గీతలు కూడా. ఎవరి కోసం రాసుకున్నానో ఏమో.

టమాటా ఈ టైమ్‌లో నా ఓపికకి పరీక్ష. కాయలు గుత్తులుగా ఉన్నాయి కానీ పసుపు, నారింజ రంగు దగ్గర ఆగిపోయాయి, వారం నుంచి అదే రంగు. మొదటి ఏడాది నాకు తెలియక ఎర్రగా అయ్యేదాకా చెట్టుకే ఉంచుదాంలే అని కూర్చున్నా, నా కంటే ముందు పిట్టలు తినేశాయి. వేడి 30 డిగ్రీలు దాటి అలాగే ఉంటే టమాటాకి ఎరుపు తెచ్చే లైకోపీన్ సరిగ్గా తయారవ్వదు, చెట్టు మీద ఎంతసేపు ఉంచినా అంతే. ఇప్పుడు కాయకి కొంచెం రంగు తిరిగిందంటే చాలు, కోసేసి లోపల నీడలో పరిచేస్తున్నా, నాలుగు రోజులకి అవే ఎర్రబడతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టను, ఆ చల్లదనానికి పండటం ఆగిపోయి రుచి కూడా చప్పబడిపోతుంది. పైన కొమ్మల్లో పూత కూడా రాలుతోంది, పగలు 35 దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు నిలబడదు. పోయినేడు ఇలాగే రాలుతుంటే బలం లేదేమో అనుకుని ఎరువు మీద ఎరువు వేశా, ఆకు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, కాయ రాలేదు. ఈసారి ఏం చేయట్లేదు, వేళకి నీళ్లు పోసి వేడి తగ్గేదాకా ఊరుకోవడమే.

మూడు కాయలకి మాత్రం అడుగున నల్లగా, తోలులాగా మచ్చ. చూడగానే చిన్నోణ్ణి పిలిచా, నీళ్లు పట్టావా లేదా అని. "పట్టానమ్మా, ట్యూబుతో" అన్నాడు. ఎంతసేపురా అంటే "ఒక పాట అయ్యేదాకా". మట్టిలో వేలు గుచ్చి చూస్తే పైన అంగుళం తడి, కింద బూడిదలా పొడి. గట్టిగా తిడదామని నోరు తెరిచా కానీ ఆ మచ్చ రెండ్రోజుల్లో వచ్చేది కాదు. కాయ పిందెగా ఉన్నప్పుడే కాల్షియం అందకపోతే వస్తుంది అది, మట్టిలో లేక కాదు, చాలాసార్లు ఒకరోజు వరద, రెండ్రోజులు కరువు అన్నట్టు నీళ్లు పోయడం వల్లే. అంటే వీడు పట్టకముందు, పోయిన రెండు వారాల్లో నేను మర్చిపోయిన రోజుల ఖాతాలోది. నోరు మూసుకుని మొదళ్ల దగ్గర ఇంకాస్త ఎండుగడ్డి పరిచా. వాడు మాత్రం నా మొహం చూసి ఏదో అర్థమైనట్టు నవ్వాడు, వాడి తెలివి మండిపోను.

వంకాయలు నాలుగు, మెరుపు తగ్గకముందే దొరికాయి, హమ్మయ్య. బీన్స్ దోసెడు.

కీర పాదుది మాత్రం దొంగాట. పందిరి ఇటువైపు నుంచి చూస్తే మూడే కాయలు, కోసేసి అయిపోయింది అనుకుని అటు చివర నుంచి వెనక్కి వస్తుంటే ఇంకో రెండు. ఆకు రంగు కాయ రంగు ఒకటే కదా, వెలుగు ఇంకోవైపు నుంచి పడితే తప్ప కంటికి ఆనదు. ఇంకొకటి కింద గడ్డిలో పడుకుని నా ముంజేయంత అయి పసుపు తిరిగింది. పచ్చివాటిలో ఒకటి తొడిమ వైపు ముక్క కోసి కొరికితే చేదు, ఎండకి, నీళ్ల కొరతకి అలా అవుతుంది. ఆ చివర రెండంగుళాలు తీసేస్తే మిగతాది బానే ఉంది.

మొత్తం తూస్తే రెండు కిలోల మూడొందల గ్రాములు, ముదురు బెండకాయలు కాకుండా. నోట్‌బుక్‌లో రాశా.

సాయంత్రం మళ్లీ వెళ్లా, సొరపాదు కోసం. దాని తెల్ల పువ్వులు చీకటి పడే వేళకే విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పటికి వెళ్లిపోతాయి, రాత్రి తిరిగే రెక్కపురుగులు వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. పది రోజుల నుంచి అన్నీ మగపువ్వులే, ఇవాళ ఒక్క ఆడపువ్వు, కింద బొటనవేలంత పిందె, దాని మీద మెత్తటి నూగు. ఒక మగపువ్వు తుంచి రెక్కలు వొలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా తిప్పి రాశా, వేలికి పసుప్పచ్చ పొడి అంటింది. ఈ పిందె నిలబడుద్దో రాలిపోద్దో రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది, నేనైతే రోజూ వెళ్లి చూస్తా.

తిరిగి వస్తుంటే టార్చ్ వెలుగు కీర పందిరి మీద పడింది. ఇంకోటి వేలాడుతోంది, పొద్దున రెండు వైపుల నుంచీ చూసిన చోటే.