ఎదురుగా ఉన్నా కనపడలేదంట

పొద్దున ఆరున్నరకే మ్యాట్‌ల్యాబ్ (లెక్కలూ గ్రాఫులూ చేసే సాఫ్ట్‌వేర్) ముందు కూర్చున్నాను. ఎండాకాలం కందుకూరులో కరెంటుని నమ్ముకోలేం. రన్ నొక్కగానే ఎర్ర అక్షరాలు. ‘క్లీన్‌డీవో’ అనే ఫంక్షనే, అంటే ఆ పేరుతో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామే, తనకు తెలియదంట.

డీవో అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. రొయ్యల చెరువులో దాని రీడింగుల్ని శుభ్రం చేసే ఫంక్షన్ అది, మా సీనియర్ రాసింది. సెన్సర్ మొరాయిస్తే సున్నా పడుతుంది. అది తీసేయకపోతే, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ నిజంగా పడిపోయిందో, సెన్సరే పడుకుందో గ్రాఫులో తెలియదు.

ఫైలు ఎదురుగానే ఉంది. స్పెల్లింగులో తేడా లేదు. ఫైలు ఎక్కడుందో చెప్పే ‘విచ్’ కమాండ్ కొట్టి అడిగితే దొరకలేదంది. జెన్‌పాత్ అనే కమాండ్‌తో లోపలి ఫోల్డర్లన్నీ పాత్‌కి, అంటే మ్యాట్‌ల్యాబ్ వెతికే ఫోల్డర్ల జాబితాకి, కలిపాను. మళ్ళీ అదే ఎరుపు. చెయ్యి ఊరుకోక రీస్టార్ట్ చేశాను. సేవ్ చేయలేదుగా, కలిపిన పాత్ కూడా పోయింది.

అమ్మ ఉలవపాడు మామిడిపండు ముక్కలు పక్కన పెట్టి, “ఏందిరా, పొద్దున్నుంచి దాంతో పోట్లాట? మీ నాయన ఫారంతో పడ్డట్టు పడతా ఉండావే” అంది. నాయన నిన్న ఫారంలో అడ్రసు దగ్గర జిల్లా నెల్లూరు అని రాస్తే వెనక్కొచ్చింది. 1970 దాకా మాది నెల్లూరు జిల్లా, ఆనక ఒంగోలు జిల్లా, 1972లో దాని పేరు ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, 2025 ఆఖర్లో మళ్ళీ ప్రకాశం. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు.

పదకొండింటికి, ఫైలు వదిలేసి, అది ఉన్న ఫోల్డర్ పేరు చదివాను. ‘ప్రైవేట్’. ఆ పేరున్న ఫోల్డర్‌లోని ఫంక్షన్లు దాని పైఫోల్డర్‌లోని ఫంక్షన్లు పిలిస్తేనే పలుకుతాయి. జెన్‌పాత్ కూడా దాన్ని దాటేసి పోతుంది. నేను బయటి నుంచి ఎంత అరిచినా ఏం లాభం?

కాపీ తీసి బయట పెడితే ఎర్ర అక్షరాలు పోయాయి. సున్నాల లెక్క కొంచెం మార్చి, సీనియర్ మెయిన్ ఫంక్షన్ నడిపాను. గ్రాఫు ఇసుమంతైనా మారలేదు. అరగంట తల గోక్కున్నాక తట్టింది: మెయిన్ ఫంక్షన్ ‘ప్రైవేట్’ లోపలి పాతదాన్నే ముందు పిలుస్తోంది, నేను దిద్దింది బయటిదాన్ని! పాతదాన్ని తీసేశాను. సున్నాలు పోయాయి. నాలుగున్నర దగ్గర లోయ మాత్రం అలాగే నిలబడింది, అది నిజమైనదే.

మౌసు నిండా మామిడి జిగురు. ఈసారి మర్చిపోకుండా పాత్‌ని సేవ్ చేసే సేవ్‌పాత్ కొట్టాను, కాసేపటికే ఫ్యాన్ ఆగింది. నాయన మాత్రం ఇంకో ఫారం తెచ్చుకున్నాడు.