హార్వర్డ్‌కి లాస్ట్ ర్యాంక్ ఉండదు

"మావాడికి ఎస్‌ఏటీలో 1540 వచ్చిందండీ, టెన్త్‌లో 10 జీపీఏ, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో 470కి 465. హార్వర్డ్‌కి ఛాన్స్ ఎంత ఉంటుంది మేడమ్?"

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. తెలిసినవాళ్ల పిల్లలు ఎస్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష రాసి అమెరికా కాలేజీలకు అప్లై చేస్తుంటే వాళ్ల వ్యాసాలు చదివిపెడతాను, డబ్బు తీసుకోను. ఆ సంగతి ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పాకి, ఆగస్టు దాటాక ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుని, చూసుకోవాల్సినవి చూసుకోకుండా చివరి నెలలో కంగారుపడే ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి.

ప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. మనకు ఎంసెట్ అలవాటు, ఇప్పుడు పేరు ఈఏపీసెట్. ర్యాంకు చేతికి రాగానే పోయినేడాది లాస్ట్ ర్యాంకుల లిస్టు ముందేసుకుని ఏ కాలేజీ, ఏ బ్రాంచ్ అని ఇంట్లో అందరం కలిసి గీతలు కొట్టేస్తాం. జేఈఈ కూడా అంతే. 2024లో ఐఐటీలన్నిటికీ కలిపి 17,740 సీట్లు, ఏ ర్యాంకు దగ్గర ఏది ఆగిందో ఆ సీట్లు కేటాయించే జోసా వాళ్లు బయట పెడతారు. కష్టం కావచ్చు, కానీ లెక్క కళ్ల ముందుంటుంది. అందుకే ఎస్‌ఏటీ స్కోరు వచ్చాక కూడా అలాంటి లిస్టు ఎక్కడో ఉండే ఉంటుందని, అది మనకు దొరకట్లేదు అంతేనని తల్లిదండ్రులు అనుకుంటారు. అలాంటి లిస్టు లేదు. ఫలానా మార్కు దాటితే సీటు అనే గీత అక్కడ ఎవరూ గీయలేదు.

2024లో చేరిన బ్యాచ్‌కి హార్వర్డ్‌కి వచ్చిన అప్లికేషన్లు 54,008, సీటు ఇచ్చింది 1,937 మందికి. అంటే 3.6 శాతం. అదే ఏడాది ఎమ్‌ఐటీకి 28,232 మంది పెడితే 1,275 మందికి వచ్చింది, నాలుగున్నర శాతం. అందులో విదేశాల నుంచి పెట్టినవాళ్లను మాత్రమే తీసుకుంటే ఎమ్‌ఐటీలో అది 2 శాతం దగ్గరకు పడిపోతుంది. హార్వర్డ్‌లో చేరినవాళ్లలో మధ్య సగం మంది ఎస్‌ఏటీ స్కోరు 1500కీ 1580కీ మధ్య ఉంటుంది, కాబట్టి 1540 వచ్చిందంటే ఫైల్ పక్కన పడేయరు. అంతవరకే దాని పని. దాన్ని 1570 చేయడానికి ఇంకో నాలుగు నెలలు పెట్టడం అనవసరం, ఆ నాలుగు నెలలతో చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి.

ఈ శాతాల గురించి ఇంకో మాట. ఒక తండ్రి నాతో అన్నారు, "ఒక్కోదానిలో నాలుగు శాతమైతే పది కాలేజీలకి పెడదాం మేడమ్, నలభై శాతం అవుతుంది కదా" అని. అవదండీ. పదీ ఒకదానికొకటి సంబంధం లేని లాటరీలు అనుకున్నా 34 శాతం దాటదు. పైగా అవి సంబంధం లేనివి కావు. పది చోట్లా వెళ్లేది అదే అబ్బాయి ఫైలు, అవే మార్కులు, టీచర్లు రాసిచ్చే అవే సిఫారసు ఉత్తరాలు. ఒకచోట ఏది తక్కువనిపించిందో మిగతా తొమ్మిది చోట్లా అదే తక్కువనిపించే అవకాశం ఎక్కువ. ఇంకోటి, ఆ 3.6లో స్పోర్ట్స్ కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లున్నారు, అదే యూనివర్సిటీలో చదివినవాళ్ల పిల్లలున్నారు. కూకట్‌పల్లి నుంచి ఎంపీసీ చదివి పెట్టే పిల్లాడికి ఆ శాతం అలాగే వర్తించదు. ఎవరైనా మీవాడికి ఇంత శాతం ఛాన్స్ ఉందని కాగితం మీద రాసిచ్చారంటే, అది కట్టుకథ. లక్షల ఫీజు తీసుకుని అలాంటి కాగితం ఇచ్చేవాళ్లంటే నాకు నిజంగానే కోపం.

నన్నడిగితే ఛాన్స్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఏడాదికి ఎంత కట్టగలరు?

ఈ స్థాయి ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. మన డబ్బుల్లో దాదాపు 70 లక్షలు, నాలుగేళ్లకి రెండున్నర కోట్లు పైనే. అంత పెట్టలేం, స్కాలర్‌షిప్ వస్తుందిలే అనుకుంటారు. ఇక్కడే జాగ్రత్తగా చూసుకోవాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్‌ఐటీ, డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొద్ది చోట్ల మాత్రమే విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది సీటు నిర్ణయంలో చూడరు, సీటిచ్చాక ఆ కుటుంబానికి ఎంత అవసరమో లెక్కగట్టి అంతా ఇస్తారు. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్, కార్నెల్‌లో విదేశీ విద్యార్థుల విషయంలో అలా కాదు. సాయం అడిగితే అది కూడా లెక్కలోకి వస్తుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీల్లో, అంటే బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి చోట్ల, మన పిల్లలకి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం ఉండదు, మొత్తం మనమే కట్టుకోవాలి. ఎస్‌ఏటీ స్కోరు కూడా వాళ్లు అసలు చూడరు.

దీంతో మన మధ్యతరగతి ఇంట్లో విచిత్రమైన లెక్క తయారవుతుంది. నెలకు లక్ష జీతం వచ్చే ఇంటికి ఏడాదికి పన్నెండు లక్షలు, డాలర్లలో 14 వేలకు కాస్త అటూఇటూ. హార్వర్డ్ 2025 నుంచి లక్ష డాలర్ల లోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాల నుంచి ఏమీ తీసుకోవడం లేదు. అంటే ఆ ఇంటి పిల్లకి సీటు రావడం అతి కష్టమైన చోట, వస్తే చదువు దాదాపు ఉచితం. కొంచెం తేలిగ్గా వచ్చే స్టేట్ యూనివర్సిటీలో ఏడాదికి నలభై యాభై లక్షలు. అప్పు చేసి, నిజాంపేటలో ఉన్న ఒక్క ఫ్లాట్ తాకట్టు పెట్టి బీటెక్ స్థాయి చదువుకి పంపడం నాకు మనసొప్పదు. ఎవరడిగినా అదే చెబుతాను.

ఇంకో పొరపాటు సలహా కూడా తిరుగుతోంది. "సాయం అడగకుండా పెట్టండి, సీటొచ్చాక అడుగుదాం" అని. చాలా చోట్ల అప్లికేషన్‌తోనే అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇవ్వరు. సీటు చేతిలో ఉండి వెళ్లలేక ఆగిపోవడం కంటే ఆ పిల్లలకి పెద్ద బాధ ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి.

ఎమ్మెస్‌కి వెళ్లిన బావగారో, పెద్దనాన్నగారి అబ్బాయో చెప్పిన మాట కూడా ఇక్కడ పనికిరాదు. మన ఊళ్లో ఇంటికొకరు ఎమ్మెస్ చేసినవాళ్లు ఉంటారు కాబట్టి అమెరికా అంటే అందరికీ తెలిసిన విషయమే అనిపిస్తుంది. ఎమ్మెస్ అడ్మిషన్ డిపార్ట్‌మెంట్ చూసుకునే పని, డిగ్రీ మార్కులు, ప్రాజెక్టులు చూస్తారు. ఇంటర్ తర్వాత వెళ్లేది అలా కాదు. అక్కడ అడ్మిషన్స్ ఆఫీసులో ఒక మనిషి తొమ్మిదో తరగతి నుంచి మీ పిల్ల ఏం చేసిందో ఫైలంతా చదువుతాడు, ఆ పిల్ల ఉన్న చోట ఆమెకి ఏం అందుబాటులో ఉంది, దాంతో ఏం చేసింది అని చూస్తాడు.

ఇక్కడే మా పై ఫ్లోర్ అమ్మాయి గురించి చెప్పాలి. ఇంటర్ సెకండియర్, డే స్కాలర్. పొద్దున ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తుంది. చాలా అమెరికా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైటు కామన్ యాప్‌లో చదువు కాకుండా చేసిన పనులు రాయడానికి పది గళ్లుంటాయి, ఒక్కో పని వివరానికి ఖాళీలతో సహా 150 అక్షరాలు. "ఆంటీ, నాకు రాయడానికి ఏమీ లేదు" అంటూ లాప్‌టాప్ పట్టుకొచ్చింది. ఎవరో వాళ్ల నాన్నగారికి చెప్పారట, పాప పేరు మీద ఎన్జీవో ఒకటి రిజిస్టర్ చేయిస్తాం, ఒక రీసెర్చ్ పేపర్ కూడా వేయిస్తాం అని. ఆమె రాసుకొచ్చిన మొదటి గడిలో సమాజసేవ అంటే మక్కువ, నాయకత్వ లక్షణాలు అని ఉంది. అది ఎవరి గురించైనా రాయొచ్చు.

"ఎండాకాలంలో సంప్ దగ్గర కర్ర పట్టుకుని నిలబడేదానివి, అదేంటి?" అని అడిగాను.

2024 ఎండాకాలంలో మా బోరు ఎండిపోయింది, అపార్ట్‌మెంట్ మొత్తం ట్యాంకర్ల మీదే బతికాం. ట్యాంకర్ 5,000 లీటర్లని డబ్బు కడుతున్నాం, కానీ నీళ్లు తొందరగా అయిపోతున్నాయి. ఈ పిల్ల సంప్ కొలిచింది. పొడవు 4 మీటర్లు, వెడల్పు రెండున్నర. అంటే నీళ్లు ఒక సెంటీమీటర్ పెరిగితే 100 లీటర్లు, పూర్తి ట్యాంకర్ పడితే 50 సెంటీమీటర్లు పెరగాలి. వాచ్‌మన్‌తో మోటార్ ఆపించి, ట్యాంకర్ రాకముందు కర్ర ముంచి చాక్‌పీస్‌తో గీత, పోశాక ఇంకో గీత. 43, 44 కంటే పెరగలేదు. ప్రతి ట్యాంకర్‌కీ తేదీ, రెండు గీతలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసింది. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి కమిటీ అంకుళ్లు ట్యాంకర్ అతనితో మాట్లాడారు, అప్పట్నుంచి కొలిచిన నీళ్లకే డబ్బు. మరుసటి ఎండాకాలం పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి వాళ్ల సంప్‌కి కూడా గీతలు వేయించుకున్నారు.

"ఇది కూడా రాయొచ్చా ఆంటీ? సర్టిఫికెట్ ఏమీ లేదు కదా" అంది. సర్టిఫికెట్ లేకపోతే చేసిన పనికి విలువ లేదని పదిహేడేళ్ల పిల్ల చేత మనం అనిపించాం. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు బాధగా ఉండింది. తర్వాత ఆ 150 అక్షరాల కోసం ఇద్దరం సాయంత్రమంతా కూర్చున్నాం. విశేషణాలన్నీ కొట్టేసి సెంటీమీటర్లు, లీటర్లు, ట్యాంకర్లు మాత్రమే మిగిల్చింది. దీనివల్ల సీటొస్తుందా అంటే నేనేం చెప్పలేను. కానీ చదివేవాడికి ఒక మనిషి కనబడుతుంది, కొనుక్కున్న ఎన్జీవోతో అది జరగదు.

ఉత్తరాల సంగతి మన కార్పొరేట్ కాలేజీ పిల్లలకి పెద్ద తలనొప్పి. కౌన్సిలర్ లెటర్ కావాలంటారు, కాలేజీలో కౌన్సిలర్ అనే పోస్టే ఉండదు. ప్రిన్సిపాల్ రాయొచ్చు. ఇద్దరు లెక్చరర్లు కూడా రాయాలి, సెక్షన్‌లో అంతమంది ఉంటే వాళ్లకి పేరైనా గుర్తుండదు. అందుకే ఫస్టియర్‌లోనే ఒకరిద్దరితో డౌట్స్ అడుగుతూ, మాట్లాడుతూ ఉండమంటాను. ఎమ్‌ఐటీ ఒకటి మ్యాథ్స్ లేదా సైన్స్ టీచర్ నుంచి, ఇంకోటి భాష లేదా సోషల్ లాంటి సబ్జెక్ట్ చెప్పేవాళ్ల నుంచి అడుగుతుంది. మార్కుల కోసం తీసుకున్న సంస్కృతం లెక్చరర్ ఇక్కడ బాగా పనికొస్తారు, వాళ్లకి పిల్లలతో మాట్లాడే తీరిక మిగతావాళ్ల కంటే ఎక్కువ. "మీరే రాసి తీసుకురండి, సంతకం పెడతా" అంటే మాత్రం వద్దనండి. ఉత్తరం రాసేవాళ్లే రాయాలి, వాళ్ల ఈమెయిల్‌కి వచ్చే లింక్ నుంచి వాళ్లే అప్‌లోడ్ చేయాలి. అవతలివాళ్లు వేల ఉత్తరాలు చదువుతారు, పిల్లలు రాసుకున్నది ఏదో వాళ్లకి తెలిసిపోతుంది.

ఎక్కడెక్కడ పెట్టాలనే లిస్టు విషయానికొస్తే, మా పై ఫ్లోర్ అమ్మాయిది ఇలా తయారైంది. సాయం గురించి చూడకుండా సీటిచ్చేవాటిలో నాలుగు, మంచి సాయం ఇచ్చే చిన్న కాలేజీలు మూడు. వీటితోపాటు జేఈఈ, బిట్‌శాట్, గచ్చిబౌలి ట్రిపుల్ఐటీ పరీక్ష. ఈ రెండో భాగాన్ని వాళ్ల నాన్నగారు బ్యాకప్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్రిపుల్ఐటీలో సీటు కోసం దేశమంతా కొట్టుకుంటుంది, దాన్ని బ్యాకప్ అని పిల్ల ముందు అంటే మార్చిలో అమెరికా నుంచి వరసగా నో వచ్చినప్పుడు ఆమెకి చేతిలో ఏమీ మిగల్లేదనే అనిపిస్తుంది. 3.6 శాతం అంటే వందలో తొంభై ఆరుగురికి పైగా నో వస్తుంది, వాళ్లలో చాలామంది చాలా తెలివైనవాళ్లు. ఈ సంగతి ఇంట్లో అప్లికేషన్ పెట్టకముందే మాట్లాడుకోవాలి, రిజల్ట్ వచ్చాక ఓదార్పుగా చెబితే పిల్లలు నమ్మరు.

తేదీలు చూసుకోండి. ముందుగా పెట్టే ఎర్లీ అప్లికేషన్‌కి ఎక్కువ చోట్ల నవంబర్ 1, మామూలుగా పెట్టే రెగ్యులర్‌కి ఎక్కువ చోట్ల జనవరి 1 నుంచి 5. కొన్ని కాలేజీల్లో ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరి తీరాలి, సాయం చాలకపోతేనే వదులుకోనిస్తారు, కాబట్టి సంతకం పెట్టేముందు చదవండి. జనవరి ఆఖర్లో జేఈఈ మెయిన్, దానికి ముందు కాలేజీలో ప్రీ-ఫైనల్స్. 650 పదాల ప్రధాన వ్యాసం దసరా సెలవుల్లో అయిపోతే డిసెంబర్‌లో ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

చివరగా, తొమ్మిదో తరగతి మార్కుల మెమో. ఇది ఎవరి దగ్గరా ఉండదు. టెన్త్ మెమో లామినేట్ చేయించి బీరువాలో పెడతాం, తొమ్మిదోది ప్రోగ్రెస్ కార్డుతోపాటే పోతుంది. తొమ్మిది నుంచి మార్కులు చూపించమంటారు. పాత స్కూలుకి వెళ్లి రికార్డుల్లోంచి తీయించి, లెటర్‌హెడ్ మీద స్టాంపు, సంతకంతో తెచ్చుకోండి. అక్టోబర్‌లో వెళితే హాఫ్ ఇయర్లీ పరీక్షల హడావిడిలో క్లర్క్ రేపు రమ్మంటాడు. ఇప్పుడే వెళ్లండి, టీసీ జిరాక్స్ కూడా ఒకటి పట్టుకెళ్లండి, అడ్మిషన్ నంబర్ దాని మీదే ఉంటుంది.