మధ్య పుస్తకం

పన్నెండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి కూర్చున్నాను. సాయంత్రం తమ్ముడు అన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. "మధ్య పుస్తకమే కదక్కా, మూడోది అయ్యాక మాట్లాడుకుందాం." అంతే అన్నాడు. విసుగ్గా కూడా అనలేదు, ఏదో పనిలో ఉన్నట్టున్నాడు. నేనేమో మూడు పుస్తకాల వరుసలో రెండోదైన 'ది డార్క్ ఫారెస్ట్' నవల చివరి పేజీ చదివి పావుగంట కూడా కాలేదు, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేననిపించి, మూడూ చదివినవాడు వాడే కదా అని ఫోన్ చేశాను.

మధ్యది 'మాత్రమే' ఎలా అవుతుంది? చైనా సైన్స్ ఫిక్షన్ రచయిత లియు సిషిన్ దీన్ని చైనీస్‌లో 2008లో తెచ్చాడు, మూడోది 2010లో వచ్చింది. అంటే ఆ మధ్య కాలమంతా అక్కడ చదివినవాళ్ళకి ఇదే చివరి పుస్తకం. ఈ ముగింపుతోనే పడుకున్నారు, లేచారు, వాదించుకున్నారు. మూడు పుస్తకాలూ ఒకేసారి చేతికొచ్చిన మనకే ఇది దాటిపోవాల్సిన వంతెనలా కనిపిస్తోంది. ఈ మాట వాడితో అనాల్సింది. అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది.

(చదవబోయేవాళ్ళు ఇక్కడితో ఆగిపోండి, కథ చెప్పేస్తున్నాను.)

వేరే లోకం వాళ్ళ నౌకలు భూమికి బయల్దేరాయి, చేరడానికి నాలుగు వందల ఏళ్ళు పడుతుంది. ఈలోగా మనం ఏం మాట్లాడుకున్నా, ఏం రాసుకున్నా వాళ్ళకి తెలిసిపోతుంది. మనసులో అనుకున్నది మాత్రం తెలియదు. పైగా వాళ్ళకి ఆలోచించడం, చెప్పడం వేరు వేరు పనులు కావు, దాచుకోవడం అనేదే వాళ్ళలో లేదు. అందుకని ప్రపంచ దేశాలన్నీ కలిసి నలుగురిని ఎంచుకుని, ఎవరికీ ఏదీ చెప్పకుండా తలలోనే పథకం వేసుకోండి, అడిగింది ఇస్తాం అంటాయి. ఒక మనిషి లోపల్లోపల అనుకునే మాటే ఆయుధమైపోయే కథ నేనింతకు ముందు చదవలేదు. ఈ ఊహ దగ్గర పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

అలాగని అంతా బాగుందని కాదు. ఆ నలుగురిలో లువో జీ ఉన్నాడే, అతను తనకిచ్చిన అధికారాన్నంతా వాడి తన ఊహల్లో కట్టుకున్న అమ్మాయిని వెతికి తెచ్చిపెట్టమంటాడు. తెస్తారు కూడా! ఆ పేజీలు చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి నవ్వుతుంది, బొమ్మలు చూస్తుంది, అమాయకంగా మాట్లాడుతుంది, అంతకుమించి ఆమెకంటూ ఒక కోపం లేదు, ఒక కోరిక లేదు. విశ్వంలో నాగరికతలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఎందుకు భయపడతాయో అంత లోతుగా ఆలోచించిన రచయితకి ఒక ఆడమనిషి మనసులో ఏముంటుందో రెండు నిమిషాలు ఆలోచించే తీరిక లేకపోయిందా? నిన్న రాత్రి వరకూ నా నోట్స్‌లో ఇదే రాసుకున్నాను. నిజం చెప్పాలంటే పుస్తకం పక్కన పడేద్దామనుకున్నది కూడా అక్కడే, అందుకే తమ్ముడి మాట అంత గుచ్చుకుందేమో కూడా. అనువాదం వల్లేమో అని కూడా అనుకున్నాను. ఇంగ్లీషులో మొదటిదీ మూడోదీ కెన్ లియు చేస్తే ఇది ఒక్కటీ జోయెల్ మార్టిన్‌సెన్ చేశాడు, గొంతు కొంచెం మారినట్టు తెలుస్తుంది. కానీ ఇది గొంతుకి సంబంధించిన లోపం కాదు.

ఇవాళ మధ్యాహ్నం మాత్రం ఆ కోపం కొంత తగ్గింది. ఆమెనీ వాళ్ళిద్దరికీ పుట్టిన పాపనీ ఒకరోజు చెప్పాపెట్టకుండా, ఏళ్ళ తర్వాత లేపేలా దీర్ఘనిద్రలోకి పంపేస్తారు, వాళ్ళని మళ్ళీ చూడాలంటే నువ్వు పని మొదలుపెట్టాలి అన్నట్టు. ఆ ఖాళీ ఇంటి తర్వాత, గడ్డకట్టిన చెరువులో అతను పడిపోయే రాత్రి వస్తుంది. ఆ చలి నాకు తగలాలంటే ముందు ఆ సుఖం అంత పొడుగ్గా ఉండాల్సిందే. అమ్మాయి బొమ్మలాగే ఉంది, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ పేజీలు తీసేయమని మాత్రం ఇక అనను.

ఇంతకీ తమ్ముడు. చిన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒక పుస్తకం ఉండేది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, వెనక పేజీలు లేవు. 37వ పేజీలో సగం వాక్యంతో మొదలయ్యేది. పేరేమిటో, ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. అందులో ఒకాయన రోజూ కిటికీ దగ్గర నిలబడి ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాడు, ఎవరి దగ్గర్నుంచో చెప్పిన పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి, వచ్చిందో లేదో చెప్పే పేజీలూ లేవు. రాత్రిళ్ళు వాడికి చదివి వినిపించి, పేజీలు అయిపోయాక మిగతాది నేను కల్పించి చెప్పేదాన్ని. ఒకరోజు వాళ్ళమ్మ రాసేది, ఒకరోజు చనిపోయాడనుకున్న స్నేహితుడు రాసేవాడు. వాడు దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "ఇవాళ ఎవరు రాశారక్కా?" అనేవాడు. నేను నిద్రొచ్చి ఉత్తరం రాలేదని చెప్పేస్తే ఏడ్చేవాడు. మధ్య తప్ప ఏమీ లేని పుస్తకాన్ని ఏళ్ళ తరబడి చదివించుకున్న పిల్లాడు వాడు.

సాయంత్రం వాడికి చెప్పాలనుకున్నది నిజానికి చిన్న సంగతి. పుస్తకం చీమతో మొదలవుతుంది. సమాధిరాయి మీద చెక్కిన అక్షరాల గాడుల్లో పడి పాకుతూ ఉంటుంది, వంపు వస్తే తిరుగుతుంది, గాడి అయిపోతే పైకెక్కి ఇంకో గాడిలో దిగుతుంది. పైన ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారు, లువో జీ, ఒక పెద్దావిడ. ఆ పెద్దావిడ రెండు సూత్రాలు చెబుతుంది. నాగరికతకి అన్నిటికన్నా ముందు బతకడం కావాలి. నాగరికతలు పెరుగుతూనే ఉంటాయి కానీ విశ్వంలో ఉన్న పదార్థం పెరగదు. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ మాటల్ని వదిలేసి చీమనే చూశాను. చివరి పేజీ అయ్యాక మళ్ళీ అక్కడికి వెళ్తే, పుస్తకం మొత్తం అప్పుడే ఆవిడ నోటితో చెప్పేసింది! నా కళ్ళ ముందే చెప్పింది, నేను వినలేదు. చీమ సరే, నేనూ వినలేదు.

ఇందాక వాడికి మెసేజ్ పెట్టాను, ఆ ఉత్తరం ఎవరు రాసి ఉంటారంటావు అని. పడుకున్నట్టున్నాడు, చూడలేదు. మూడోది టేబుల్ మీద ఉంది. ఆదివారం దాకా తీయను.