పక్కవాడు చేస్తే 'గుంకకు'

టోక్యోలో తొమ్మిదేళ్ళుగా ఉద్యోగం. మొన్న లంచ్ టైంలో పక్క సీటు పెద్దాయన పేపర్ చదువుతుంటే, నాకొచ్చిన జపనీస్ చూపించుకుందామని "నిహోన్ నో గున్..." అంటే జపాన్ సైన్యం అని మొదలుపెట్టా. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి, చుట్టూ ఓసారి చూసి, మెల్లగా "జియేతాయ్" అన్నారు. ఆత్మరక్షణ దళం. తప్పు దిద్దినట్టు లేదు, చెప్పులతో ఇంట్లోకి వెళ్ళబోతే ఆపినట్టుంది.

సైనిక బలం ఉంచుకోబోమని రాజ్యాంగం 9వ అధికరణంలో రాసుకున్నారు కదా, అందుకే 1954లో జియేతాయ్ పెట్టినప్పటి నుంచీ మాటల దగ్గర మహా జాగ్రత్త. పదాతిదళం ఫుత్సూకా, అంటే 'మామూలు శాఖ'. మొదట్లో యుద్ధట్యాంకుని 'ప్రత్యేక వాహనం' అనేవారు. డిస్ట్రాయర్ యుద్ధనౌక అయితే గోయేకాన్, తోడుగా వెళ్ళే ఓడ. యోకోసుకా రేవులో బోటెక్కి ఇజుమో అనే యుద్ధనౌకని చూశా, 248 మీటర్ల పొడవు, పైనంతా చదునైన డెక్కు, ఎఫ్-35బి యుద్ధవిమానాలు దిగేలా మార్పులు కూడా చేస్తున్నారు, అయినా అదీ గోయేకానే! తమాషా ఏంటంటే ఆ బోటు టూరు పేరు మాత్రం 'గుంకో మెగురి', సైనిక రేవు చుట్టిరావడం. టికెట్లు అమ్మడానికి 'గున్' పనికొచ్చింది మరి.

'శత్రు స్థావరాలపై దాడి సామర్థ్యం' అని ఏళ్ళ తరబడి వాదించుకున్నది 2022 డిసెంబరుకల్లా హంగెకి నోర్యోకు, 'ఎదురుదాడి సామర్థ్యం' అయిపోయింది. రక్షణ ఖర్చు ఐదేళ్ళకి 43 లక్షల కోట్ల యెన్లు. ఆయుధాల ఎగుమతి సూత్రాలేమో 2014లోనే 'రక్షణ పరికరాల బదిలీ' సూత్రాలయ్యాయి. బదిలీ అంటే నాకు ఎమ్మార్వో ఆఫీసులో మా నాన్నకొచ్చే ఆర్డరే గుర్తొస్తుంది.

ఇదంతా సైనిక విస్తరణేగా, దానికి గుంకకు అనే మాట ఉంది. ప్రభుత్వం తన లెక్కల్లో ఆ మాట వాడదు, 'రక్షణ శక్తి బలోపేతం' అంటుంది. గుంకకు అనేది నిరసనకారుల ప్లకార్డుల మీద కనిపిస్తుంది, లేదంటే చైనా గురించిన వార్తల్లో. మనమూ తక్కువేం కాదులెండి, 'రక్షణ బడ్జెట్' అనేగా అంటాం.

ఈ ఖర్చు కోసం సిగరెట్ల మీద కూడా పన్ను పెంచాలని నిర్ణయించారు. పెద్దాయనకి రోజుకో పెట్టె కావాలి. భోజనం అయ్యాక స్మోకింగ్ రూమ్‌కి వెళ్తూ ఆ మాట మాత్రం చుట్టూ చూడకుండా, అందరికీ వినపడేలా అన్నారు: "జోజే!" పన్ను పెంపు.