వారధి తెర, కసిమి మాస్టారు, మనం

మన బడి రోజుల గురించి ఉత్సవ సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ తరఫున, మనం హార్మోనియం అని పిలిచే మిత్రుడు ఫోను చేశాడు. ఉపాధ్యాయులందరి గురించీ తలా నాలుగు మాటలు ఉండాలన్నాడు. లెక్కల మాస్టారు, పెద్ద తెలుగు అయ్యవారు, ఈలల సారు, వీరందరి గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మీలో ఉన్నారు. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా జరిగినవన్నీ రాయపురం బృందానికి వదిలేస్తున్నాను. గేటు తాత కథ ఎలాగూ గుమ్మడి రాస్తాడు. నేను మనకు కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు రాసే పని, నేర్పిన కసిమి మాస్టారి గురించే రాస్తాను. రెండు పేజీలు ఆయనకే చాలవు.

1983లో, మద్రాసులో, మనం తొమ్మిదో తరగతి. వారానికి రెండు పీరియడ్లు చేతిపని. పరీక్షలు దగ్గరపడితే మిగతా మాస్టార్లు ఆ పీరియడ్లను అరువు అడిగేవారు. కసిమి మాస్టారు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అప్పట్లో అది పంతం అనుకున్నాం. ఆయన ఎక్కడి నుంచి వచ్చారో తెలిశాక అది పంతం కాదని అర్థమైంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి శ్రీకాళహస్తిలో కలం పట్టే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. గుళ్లకు తెరలు రాయించేవాళ్లు తగ్గిపోయారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి చట్టోపాధ్యాయ ఆధ్వర్యంలో ఆ బోర్డు చేసిన పనుల్లో ఒకటి 1957లో కాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం తెరవడం. అంతవరకు తండ్రి కొడుక్కి నేర్పితేనే వచ్చే విద్యను మొదటిసారి బయటి పిల్లలూ నేర్చుకోగలిగారు. మన మాస్టారు ఆ ఊరి పిల్లవాడు, కలంకారీ కుటుంబంవాడు మాత్రం కాదు. “నాకు మా నాన్న నేర్పలేదు, బడి నేర్పింది” అని ఆయన ఎన్నిసార్లు అన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. బడిలో ఈ పనికి ఒక పీరియడు ఉండటమంటే ఆయనకు అంత విలువ.

వార్షికోత్సవానికి వేదిక వెనక తెర కావాలని హెడ్మాస్టరు అడిగినప్పుడు, అద్దెకు తెస్తారనుకున్నాం. మాస్టారు మనచేత రాయిస్తానన్నారు. రామాయణంలో వారధి ఘట్టం, కింద తెలుగు అక్షరాల్లో పద్యం. ఆ తర్వాత మూడు నెలలు మెట్ల కింద గది మనది.

పుదుప్పేట నుంచి తుప్పుపట్టిన మేకులు, కొత్వాల్ చావడి నుంచి నల్లబెల్లం, తాటిబెల్లం, రాసప్ప చెట్టి వీధి మూలికల కొట్లో కరక్కాయలు, పటిక, మంజిష్ఠ. మేకులూ బెల్లమూ నీళ్లూ మట్టికుండలో పోసి మూతికి గుడ్డ కట్టాం. పులిసేసరికి వారాలు పట్టింది. ఆ వాసన సంగతి ‘బి’ సెక్షన్‌వాళ్లు చెప్పాలి. గోడకు అవతల కూర్చున్నది వాళ్లే. నల్ల గీతలు గీయడానికి అలా పులియబెట్టిన నీళ్లే కసిమి. ఆ పేరే మాస్టారికి స్థిరపడింది.

కసిమి కుండలో నల్లగా ఉండదు. మట్టి కలిసిన నీళ్ల రంగులో ఉంటుంది. మాస్టారు బల్ల మీద రెండు గుడ్డముక్కలు పరిచారు. ఒకటి ఉత్త గుడ్డ, రెండోది కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండలో ఆరబెట్టినది. ఒకే కలంతో రెండింటి మీదా గీశారు. ఉత్త గుడ్డ మీద గీత వెలిసిపోయినట్టు పడింది. రెండోదాని మీద కలం కొన వెనకాలే నలుపు పుట్టుకుంటూ వచ్చింది. కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలితే వచ్చే నలుపు అది. రసాయన శాస్త్రం నాకు పుస్తకంలో కంటే ముందు ఆ బల్ల మీద కనిపించింది. తర్వాత డిగ్రీలో అదే తీసుకోవడానికి ఆ సాయంత్రమే కారణం.

పాల సంగతి కూడా అంతే. ఆవిన్ పాకెట్టు చాలదా అని అడిగింది మన పంతులుగారమ్మాయే అనుకుంటాను. మాస్టారు వద్దనలేదు. ఒక గుడ్డను పాకెట్టు పాలతో, మరొకదాన్ని చిక్కటి గేదెపాలతో తడిపించి, రెండింటి మీదా గీత గీయించారు. పాకెట్టు పాల గుడ్డ మీద గీత అంచులు చీమల బారులా అటూ ఇటూ పాకాయి. కొవ్వు గుడ్డకు పట్టుకుంటేనే రంగు గీత దాటకుండా ఆగుతుంది. పాఠం చెప్పడానికి ఆయనకు అరనిమిషం చాలు. చూపించడానికి మాత్రం ఎంతసేపైనా తీసుకునేవారు.

వెదురుపుల్ల కొన చెక్కి, కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం. ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు కొనకు దిగుతుంది. చేతివాటం అంతా ఆ నొక్కులో ఉంది. వానరసేన మొత్తం మన చేతులే. ఉడుత ఎవరిదో నేను చెప్పను. నాలుగో కాలు రాయి కింద ఉంది, అంతే.

కానీ తెర కంటే ముఖ్యమైనది పుస్తకం. ప్రతి దశ పూర్తయ్యాక మాస్టారు ఒక చిన్న ముక్క కత్తిరించి పెద్ద పుస్తకంలో అంటించేవారు. పక్కన మనం రాయాలి: ఎండ ఎంత, నీళ్లు ఎక్కడివి, ఏది ఎంత కలిపాం, ఎన్నాళ్లు. చివర ఎవరు చేశారో వారి పేరు. పేరు రాయకపోతే పేజీ తిప్పనిచ్చేవారు కాదు.

డిసెంబరు వానలు తగ్గగానే బ్రాడ్‌వేలో బస్సెక్కి కాళహస్తి వెళ్లాం. పటికతో గీసిన భాగాలు కంటికి దాదాపు ఆనవు. రాగి గంగాళంలో మంజిష్ఠ వేసి ఉడికించాక, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట నిలవదు. ఆ మిగతా ఎరుపు వదలాలంటే పారే నీళ్లు కావాలి. మద్రాసులో మన కుళాయికి బిందె నిండటమే గగనం. స్వర్ణముఖిలో మోకాలి లోతు నీళ్లలో తెరను నలుగురు నాలుగు మూలలా పట్టుకుని జాడించాం. ఇసుక మీద పరిచి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ ఎండకు పెట్టాం. మధ్యాహ్నానికి గుడ్డలో బొమ్మలు లేని భాగం తెల్లబడింది, రాముడి చీర అంచు ఎర్రగా తేలింది. (రాముడికి చీరేమిటని అడిగేవాళ్లు మన తరగతివాళ్లు కారు.)

తర్వాతి సంవత్సరాల గురించి కాఫీల దగ్గర మాట్లాడుకుందాం. పెళ్లిళ్లు, ఉద్యోగాలు అందరికీ తెలిసినవే. నేను రసాయన శాస్త్రం నుంచి వస్త్రాల రంగులకు, అక్కడి నుంచి ఈ ఊళ్లోనే ఒక డిజైన్ కళాశాలలో హస్తకళల పాఠానికి చేరాను. ఇక్కడే ఉండిపోవడం నా అదృష్టం. 1964లో మొదలైన భారత హస్తకళల మండలికి కేంద్రం ఈ నగరమే. తిరువాన్మియూరు కళాక్షేత్రలో కలంకారీ విభాగం ఉంది. 1996లో ముట్టుకాడు దగ్గర తెరిచిన దక్షిణచిత్రలో మన ఆంధ్ర ఇక్కత్ నేతకారుని ఇల్లు ఉంది. మగ్గం ఇంట్లో భాగమని మాటల్లో చెబితే నా విద్యార్థులకు ఎక్కదు, ఆ ఇంట్లో నిలబెడితే ఎక్కుతుంది.

పరిశోధన చేస్తున్నప్పుడే ఒక ఫ్రెంచి నౌకాధికారి గురించి చదివాను. పేరు బ్యూలియు. 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో తన కళ్లెదుట గుడ్డకు రంగులు వేయించి, ప్రతి దశలోనూ ఒక ముక్క కత్తిరించి, పక్కన వివరం రాసుకున్నాడు. అచ్చం మన పుస్తకమే! కానీ ఆ పుస్తకం పారిస్ వెళ్లింది, ఇప్పటికీ అక్కడే ఉంది. కొన్నేళ్లకు, 1742లో, కూర్దూ అనే పాద్రీ కోరమండల్ తీరం నుంచి ఇదే పనిని ఉత్తరంలో వివరించి పంపాడు. ఆయన తెలుగు బాగా నేర్చినవాడు, నిఘంటువు కూడా కూర్చాడు. అద్దకం వివరాలన్నీ అద్దకందారుల నోటినుంచే రాబట్టాడు. ఐరోపాలో అచ్చుగుడ్డల కార్ఖానాలు పెరిగాయి. చెప్పినవారి పేర్లు చరిత్రలో మిగలలేదు, వారి పనీ నిలవలేదు.

నమూనాలు సేకరించడం ఒక్కటే కళను కాపాడదని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే. ఎవరి చేతి నుంచి నేర్చుకున్నామో ఆ చేతికి పుస్తకం తిరిగి చేరాలి, అందులో వారి పేరుండాలి, నేర్పినందుకు వారికి జీతం ముట్టాలి. మా విద్యార్థులు సొంత డిజైను గీసేముందు కాళహస్తిలో కళాకారుల దగ్గర దశలన్నీ చేసి ముక్కలు అంటించాలి. వారి నోట్సు తెలుగులోకి తెచ్చి చిన్న పుస్తకంగా అక్కడి ఇళ్లకే పంపుతాం. వచ్చి పాఠం చెప్పే కళాకారులకు బయటి ఆచార్యులకిచ్చే పారితోషికమే ఇవ్వాలని ఎన్నో సమావేశాల్లో వాదించాను. ఇప్పుడు ఇస్తున్నారు. జీవితంలో సాధించినదేమిటని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఆ కాగితం మీద పడిన సంతకం గురించే. కిందటేడాది మా తరగతిలో చేరిన ఒక అమ్మాయి కలంకారీ కళాకారుల ఇంటి బిడ్డ.

బజారులో స్క్రీన్ ముద్రించిన గుడ్డను చేతి కలంకారీ అని అమ్మడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పెడనలో చెక్క అచ్చులతో అద్దే పని వేరే విద్య, దాని గౌరవం దానిది. నేనంటున్నది కాళహస్తి పేరు పెట్టుకున్న యంత్రపు ముద్ర గురించి. కాళహస్తి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నా, కొనేవారికి గీత తెలియకపోతే ఆ గుర్తింపు కాగితం మీదే ఉంటుంది. గీత తెలియాలంటే బడిలో ఒక పీరియడు ఉండాలి.

ఇక తెర సంగతి. బడి స్టోర్ గదిలో దొరికిందని కబురు వస్తే వెళ్లి చూశాను. నలభై ఏళ్లు దాటినా ఎరుపు చెక్కుచెదరలేదు. నల్లగీతలున్న చోట మాత్రం గుడ్డ గీత వెంబడే చిట్లింది. ఇనుము కలిసిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పాత కలంకారీల్లో తరచూ కనిపించే జబ్బే ఇది. కసిమిలో ఇనుము మోతాదు మారిస్తే, వడపోత మారిస్తే, గుడ్డ ఎక్కువకాలం నిలుస్తుందా అని మా విద్యార్థులు ఇప్పుడు పరీక్షిస్తున్నారు. ఏ రోజు, ఏ నీళ్లతో, ఏది ఎంత కలిపారో రాసిపెట్టిన పాత నమూనాలు ఇలాంటి పనికి దొరకవు. మనకున్నాయి. మాస్టారు పదవీ విరమణ రోజున పుస్తకం కుట్టు విప్పి మనకు పంచిన పేజీలే అవి.

హార్మోనియానికి, కమిటీకి నా మనవి: ఉత్సవంలో తెరను దయచేసి వేలాడదీయకండి, బరువుకు చీలిపోతుంది. పొడవాటి బల్ల మీద పరిచి, ఎండ తగలనిచోట పెట్టండి. గుడ్డ కింద వేయడానికి పాత మెత్తటి దుప్పటి నేను తెస్తాను.

పేజీల్లో చాలావరకు నా దగ్గరికి చేరాయి. నీలం పేజీ మాత్రం లేదు. నీలిమందు నీళ్లలో కరగదు కదా, దాన్ని పులియబెట్టిన పద్ధతి మాస్టారు ఆ ఒక్క పేజీలోనే రాయించారు. అది పెరంబూరువాళ్లలో ఒకరికి ఇచ్చినట్టు నాకు గుర్తు. ఇల్లు మారినప్పుడు కట్టిన పెట్టెల్లో, పాత అట్లాసుల మధ్య ఒకసారి వెతకండి. ఏ ఊళ్లో ఉన్నా కబురు చేయండి, నేనే వచ్చి ఫొటో తీసుకుంటాను, పేజీ మీ దగ్గరే ఉంచుకోండి. కింద పేరు ఎవరిదైతే ఆ పేరుతోనే కాళహస్తికి పంపే పుస్తకంలో అచ్చువేస్తాం.