ఇంటి పన్ను కట్టడానికి ఊరెళ్లిన రోజు

ఫిబ్రవరి 15, 2025, శనివారం

మూడేళ్ల ఇంటి పన్ను బాకీ ఉందని పంచాయతీ నుంచి ఇప్పటికి రెండుసార్లు ఫోనొచ్చింది. ఊళ్లో ఇంటికి తాళం పడి ఆరేళ్లయింది, పన్ను సంగతి ఎవడికి గుర్తుంటుంది? పొద్దున్నే మద్దిలపాలెం నుంచి బండి తీశాను. ఆనందపురం పూల మార్కెట్ దగ్గర చామంతి బుట్టల పక్కన నిలబడి నాలుగు ఇడ్లీలు తిని, పద్మనాభం రోడ్డు పట్టాను.

రామాలయం నుంచి మా వీధి చివరిదాకా కొత్త సీసీ రోడ్డు! సంక్రాంతికి ముందు వేశారట. తడిపి కప్పిన గోనెల అచ్చు ఇంకా కనబడుతోంది. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు కుక్కేదో నడిచినట్టుంది. దాని అడుగులు సరిగ్గా మా గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ఆ గేటు తాళం నాక్కూడా కొబ్బరినూనె పోస్తే గాని రాలేదు. తీరా చూస్తే మా అరుగు రోడ్డుకి జానెడు దిగువన ఉంది. కాలువ ఊసే లేదు.

ఎదురింటి పెద్దమ్మ పాల క్యానుతో బయటికొచ్చింది. "ఏటి బావూ, రోడ్డు సూడ్డానికొచ్చినావేటి?"

"పన్ను కట్టడానికి పెద్దమ్మా."

"రోడ్డు మేమేసినాం, పన్ను నువ్వు కట్టు" అని నవ్వింది. వేళాకోళం అనుకున్నాను.

కాదట. ఆ లెక్క పంచాయతీ కార్యదర్శి చెప్పింది, చిన్నపిల్ల, చాలా ఓపిక. రోడ్డు వేసింది ఉపాధి హామీ పథకం డబ్బుతో. ఆ ఖర్చులో కూలీల వాటా 60 శాతానికి తగ్గకూడదు, సిమెంటు, కంకర లాంటి సామగ్రి వాటా 40 దాటకూడదు. అంటే జనం మట్టి తవ్వితేనే సిమెంటుకి డబ్బు పుడుతుంది. నిరుడు వేసవిలో పెద్దమ్మ, ఆవిడ జట్టు ఎండలో చెరువు పూడిక తీశారు, రోజుకి 300 లోపు కూలికి. అక్టోబరు 14న కంకిపాడులో పవన్ కల్యాణ్ ఊళ్లలో ఇలాంటి పనుల కోసం 'పల్లె పండుగ' మొదలుపెట్టినప్పుడు 4,500 కోట్లు, 30 వేల పనులు అని టీవీలో విని ఛానల్ మార్చేశాను. ఆ కోట్ల అడుగున పెద్దమ్మ పలుగు ఉందని నాకేం తెలుసు?

కాలువ గురించి అడిగితే ఆ అమ్మాయి కాస్త ఇబ్బంది పడింది. ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు పెట్టిన గ్రామసభలో మావాళ్లు కాలువే ముందు అడిగారట. జాబితాలో రోడ్డు పైకొచ్చింది, కాలువ కిందికెళ్లింది. ఫోటోకి రోడ్డు బాగుంటుంది మరి. (ఇది ఆ అమ్మాయి అన్న మాట కాదు, నాది.)

మరి కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం డబ్బు? 15వ సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతంతో ఊరికి కావలసింది చేసుకోవచ్చు గాని, జీతాలకి మాత్రం పైసా వాడకూడదు. వీధిలైటు మార్చే కుర్రాడికి ఏదైనా ఇవ్వాలంటే జనరల్ ఫండే గతి. అందులోకి వచ్చేది ఇంటి పన్ను.

"మీలాంటివాళ్లు కడితేనే సార్" అంది, తల కంప్యూటర్లోంచి ఎత్తకుండా.

మూడేళ్లకి 1,840 రూపాయలు. నెలకి యాభై. బీచ్ రోడ్డులో ఓ సాయంత్రం మూరీ మిక్చర్‌కి అంతకన్నా ఎక్కువే తగలేస్తాను. పల్లెల్ని ప్రభుత్వం పట్టించుకోదని ఆఫీసు క్యాంటీన్‌లో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! ఫోన్‌లో కట్టేసి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను.

వస్తూ లెక్కపెట్టాను. వీధిలో ఇరవై రెండు గుమ్మాలు, తొమ్మిదింటికి తాళాలు. గాజువాక, మధురవాడ, హైదరాబాద్. అయినా రోడ్డు దండగ అనలేను. ఇదివరకు పెద్దమ్మ క్యాను ఎత్తుకుని రామాలయం దాకా బురదలో నడిచేది, ఇప్పుడు పాల ఆటో గుమ్మం ముందుకే వస్తోంది.

బండెక్కుతుంటే కేకేసింది: "ఓనకాలంలోగా అరుగు లేపించుకో బావూ. నేపోతే నీ ఇంట్లో మేం సేపలు పట్టుకుంటాం."

మేస్త్రి నంబరు తీసుకున్నాను. రెండు వందల ఇటుకలు చాలట, ఉగాది వెళ్లాక రమ్మన్నాడు.